బిషప్పు గారి బరువు

జనవరి 14. వాన 38.

అక్క వచ్చి బిషప్పును దింపి వెళ్ళింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కీచురాళ్ళ డబ్బా, మెట్టుమెట్టుకీ ఒక మూలుగు. వెనకాల పక్కింటి లెస్టర్ గాజు తొట్టి మోసుకొచ్చాడు. జీవితమంతా చెరకు రైలు నడిపిన మనిషి, ఆ తొట్టిని మాత్రం పెళ్ళికూతుర్ని దింపినట్టు దింపాడు. లోపల బిషప్పు గారు కళ్ళు సగం మూసి, చేతులు రెండూ పొట్ట కింద మడుచుకుని, ఆదివారం ప్రసంగం తర్వాత కునుకు తీస్తున్నట్టు కూర్చుని ఉన్నారు. ఆకుపచ్చ చెట్టుకప్ప. అంగట్లో అమ్మే మామిడికాయంత ఉంటాడు.

రేపు అక్క టౌన్స్‌విల్ వెళ్తోంది, మోకాలు మార్పించుకోవడానికి. నాలుగు వారాలో ఆరు వారాలో.

"తడి చేత్తో తప్ప ముట్టుకోకు. కుళాయి నీళ్ళు పొయ్యకు, వాన నీళ్ళే. పట్టకారుతోనే తినిపించు. ఆదివారం ఆదివారం తూకం వెయ్యి, నాకు చెప్పు" అంది. చిలక్కి చెప్పినట్టు రెండుసార్లు చెప్పింది.

"బతికిస్తానో లేదోనని అనుమానమా అక్కా?"

"అనుమానమెందుకే, నమ్మకమే. బతికించవని."

"మరి నా దగ్గరెందుకు వదలడం?"

"ఈ ఊళ్ళో తక్కినవాళ్ళందరికీ పిల్లులో కొండచిలువలో ఉన్నాయి. నీ దగ్గర ఏమీ లేవు. ఏదీ బతకలేదు కాబట్టి."

లెస్టర్ నవ్వు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయాడు. నేనూ లెక్కేసుకున్నాను. ఎర్ర చేపలు, కనారీ పిట్ట, కుందేలు, నిమ్మచెట్టు. మొగుడు చచ్చిపోలేదు, పెర్త్ వెళ్ళిపోయాడు, కాబట్టి అతను ఈ లెక్కలోకి రాడు. వరండాలో ఫెర్న్ మొక్కలు మూడు బతికున్నాయి, వాటికి నీళ్ళు పోసేది వాన కాబట్టి.

వెళ్తూ వెళ్తూ పెరట్లో నాన్న పాతిన వాన కొలిచే డబ్బా వైపు చూసి, "వాన లెక్క తప్ప నీ చేతిలో ఏదీ నిలవదే నెరీనా" అంది. అది మాత్రం నిజం. నాన్న పోయిన మర్నాటి నుంచి ఒక్క రోజు తప్పలేదు. పెళ్ళి రోజున కూడా తెల్ల గౌను ఎత్తి పట్టుకుని బురదలో వెళ్ళి చూసొచ్చాను. ఎరువుల కొట్టువాళ్ళు ఏటా ఉచితంగా ఇచ్చే ఈ డైరీలో పేజీ మూలన మిల్లీమీటర్లలో వాన రాసే గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉన్న పేజీ నా బీరువాలో ఒక్కటీ దొరకదు.

కప్పను చంపకుండా ఉంటే చాలు. కప్పంటే నాకేం ప్రేమ లేదు. అక్క నోరు మూయించాలి, అంతే.

జనవరి 15. వాన 21.

టాయిలెట్లో కప్ప. బయటిది. తీసి పారేశాను. మామూలే.

జనవరి 18. వాన 55.

ఆపరేషన్ బాగా జరిగిందట. బిషప్పు తొంభై ఆరు గ్రాములు. ఫోన్లో చెబితే, "వచ్చేటప్పుడు తొంభై నాలుగు" అని గర్వంగా అంది, తనే ఆ రెండు గ్రాములూ పెట్టినట్టు. పెట్టింది నేను.

జనవరి 22. వాన 17.

ఈయన తిండి చూసి తీరాలి. పట్టకారు కనపడితే చాలు, దుంగ మీద నుంచి లేచి, బొజ్జ ఈడ్చుకుంటూ, అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరుస్తాడు. పట్టకారే కానక్కర్లేదు. చేతిలో సన్నగా ఏది కనపడినా తిండే అనుకుంటాడు. నిన్న నా పెన్సిల్ అందుకున్నాడు. ఇవాళ కళ్ళద్దాల కాడ. ఏడేళ్ళుగా అక్క చేతి వడ్డన తిని తిని, వేట అంటే ఏమిటో మరిచిపోయాడు. కీచురాయి ముక్కు ముందు నడిచి వెళ్తే దారి ఇస్తాడు.

కూత మాత్రం కూయడు. వానాకాలమంతా ఊళ్ళో కప్పలన్నీ గొంతు చించుకుంటుంటే ఈయన మౌనం. బిషప్పంటే అలా ఉండాలని అక్క అంటుంది.

జనవరి 24. వాన 71.

తుఫాను వస్తోందట. రేడియోలో రోజంతా అదే. కార్డ్‌వెల్ దగ్గర తీరం దాటొచ్చు, ఇంకా పైన దాటొచ్చు, అసలు దాటకనూ పోవచ్చు. ఇంత చదువుకుని చెప్పే ముక్కలు అవి.

లెస్టర్ వచ్చి నీళ్ళ ట్యాంకు మూతా, చెత్త డబ్బాలూ తాళ్ళతో కట్టాడు. నేను స్నానాల తొట్టి నింపాను, కొవ్వొత్తులు తీశాను, వరండా కుర్చీలన్నీ లోపలికి లాగాను. ఫెర్న్ కుండీలు మూడూ మోసుకెళ్ళి స్నానాల గదిలో పెట్టాను. గాలికి కుండీ లేస్తే ఫిరంగి గుండే, అది ఇక్కడ పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. బిషప్పు తొట్టిని కూడా అక్కడే పెట్టాను. ఇంట్లో అన్నిటికంటే చిన్న గది, కిటికీ కూడా చిన్నది.

"బిషప్పు టాయిలెట్ పక్కన పడుకుంటాడా?" అన్నాడు లెస్టర్.

"ప్రాణం ముందు పరువెంత?" అన్నాను.

జనవరి 25. వాన 204.

తుఫాను మనసు మార్చుకుని సముద్రంలోకి తిరిగి వెళ్ళిపోయింది. రేడియోవాళ్ళకి కొంచెం నిరాశగానే ఉన్నట్టుంది.

తెల్లారి స్నానాల గది తలుపు తీశాను. తొట్టి మూత పక్కకు జరిగి ఉంది. తొట్టి పెట్టాక కుండీలు సర్దేటప్పుడు నా మోచెయ్యే తగిలి ఉంటుంది. లోపల బిషప్పు లేడు. ఒక్క నిమిషం నా కళ్ళ ముందు అక్క ముఖం, పక్కన కర్ర కనిపించాయి. తర్వాత చూస్తే ఫెర్న్ ఆకుల మధ్య కూర్చుని ఉన్నాడు. తడి చేత్తో పట్టి తొట్టిలో పెట్టి, మూత మీద వంటల పుస్తకం బరువుగా పెట్టాను. దేవుడు మేలు చేశాడు.

పాపం, భయానికి రంగు మాడిపోయి గోధుమరంగుకు వచ్చాడు.

ఆదివారం కదా, తూకం వేశాను. యాభై ఎనిమిది.

త్రాసు బ్యాటరీ అయిపోయినట్టుంది.

జనవరి 26. వాన 40.

కొత్త బ్యాటరీ వేశాను. యాభై ఎనిమిదే. వంటగది బల్ల వాలుగా ఉంది, ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. నేల మీద పెట్టి చూశాను. యాభై ఏడు.

భయం మనిషిని తినేస్తుంది. నాన్న కూడా పెద్ద తుఫాను రాత్రి తర్వాత బెల్టుకి కొత్త బెజ్జం పెట్టుకున్నాడని అమ్మ చెప్పేది. మనిషే అంత చిక్కిపోతే కప్ప చిక్కదా?

జనవరి 28. వాన 33.

తినడం లేదు. పట్టకారు చూపిస్తే మూలకి పారిపోతున్నాడు. నన్నెప్పుడూ చూడనట్టే చూస్తున్నాడు. తప్పు నాదే, తుఫాను రాత్రి టాయిలెట్ పక్కన పెట్టినందుకు అలిగాడు.

అక్క ఫోన్. "ఎలా ఉన్నాడు?"

"బ్రహ్మాండంగా. నీ మోకాలు?"

"బ్రహ్మాండంగా. కారిడార్ ఆ చివరి దాకా నడిచేశాను. ఫిజియో పిల్ల నోరెళ్ళబెట్టింది. బరువెంత?"

త్రాసుకి వీపు తిప్పాను. "తొంభై ఏడు" అన్నాను.

"అంత పెట్టకే, కొవ్వు పడుతుంది."

ఎవరికి చెప్పుకోను?

జనవరి 30. వాన 12.

టాయిలెట్లో ఇంకో కప్ప తయారైంది. ఇంత సిగ్గులేనిదాన్ని నేను చూడలేదు. మామూలు కప్పలు దీపం వెయ్యగానే దూకి దాక్కుంటాయి. ఇది ఫ్లష్ నీళ్ళ డబ్బా మీద సింహాసనం వేసుకుని, నేను వచ్చినా కదలదు. పైగా ముఖంలోకి చూస్తుంది. తీసి మామిడిచెట్టు కింద వదిలాను. బండలా ఉంది, రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.

ఫిబ్రవరి 1. వాన 90.

యాభై నాలుగు. నడుం దగ్గర ఎముకలు కనపడుతున్నాయి.

అక్కకి తొంభై ఎనిమిదని చెప్పాను. ఆవిడ కర్ర కూడా వదిలేసిందట. ఈ వయసులో ఆవిడ ఓపికే ఓపిక.

మామిడిచెట్టు కింద వదిలిన దొంగముండ మళ్ళీ నీళ్ళ డబ్బా మీదికి వచ్చింది.

ఫిబ్రవరి 3. వాన 48.

పశువుల డాక్టర్ హెడీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఐస్‌క్రీం డబ్బాలో తడి గుడ్డ వేసి, మూతకు బెజ్జాలు పెట్టి. ముందు వరసలో ఒక దూడా, రెండు కుక్కలూ ఉన్నాయి. "మీ డబ్బాలో ఏముందండీ?" అని దూడగలాయన అడిగాడు. "బిషప్పు" అన్నాను. ఆ తర్వాత ఆయన నన్నేమీ అడగలేదు.

హెడీ వేలి మీద పెట్టుకుని దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది. తొట్టి అడుగున నేను తీసిన మలం సూక్ష్మదర్శినిలో పెట్టింది.

"కడుపు నిండా పురుగులండీ. బయట తిరుగుతాడా?"

"బయటా? ఏడేళ్ళుగా తొట్టి దాటి ఎరగడు."

"కొన్న కీచురాళ్ళే తింటాడా?"

"పట్టకారుతో."

"విచిత్రమే. ఇలాంటి పురుగులు ఎక్కువగా బయట కప్పలకి చూస్తాం."

విచిత్రమేముంది? కీచురాళ్ళ కొట్టువాడు పెరట్లోవి పట్టి అమ్ముతుంటాడు. ఆ మాటే అన్నాను. హెడీ సరేనంది గానీ ముఖం అలా లేదు.

వీపు మీద వెయ్యడానికి చుక్కల మందు ఇచ్చింది. తినకపోతే మెత్తటి పిండి కలిపి సిరంజితో పట్టాలట. చర్మం మాత్రం శుభ్రంగా ఉంది, కప్పల్ని చంపే ఆ పాడు చర్మరోగం లేదంది. "పురుగులు పోయాక తానే తింటే బతుకుతాడు. ఇంకో రెండు వారాల్లో బరువు పెరక్కపోతే..." అని ఆగి, నా చెయ్యి తట్టింది. మిగతాది నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 4. వాన 8.

కప్ప నోరు తెరవడం బీరువా తాళం పోయినప్పుడు తెరవడం లాంటిది. లైబ్రరీ కార్డు మూల పెదవుల మధ్య దూర్చి, నెమ్మదిగా, బతిమాలుతూ. సగం పిండి నా చొక్కా మీద, పావు ఆయన కళ్ళ మీద. మిగిలిన పావు మింగాడు. మింగేటప్పుడు కళ్ళు లోపలికి నొక్కుకుంటాడు, ఆ కళ్ళతోనే ముద్దను కిందకి తోస్తున్నట్టు. ఇంతకు ముందెప్పుడూ గమనించలేదు.

ఎడమ కన్ను వెనక రెండు తెల్ల చుక్కలున్నాయి, పక్కపక్కన, గుండుసూది తలంత. అక్క ఎప్పుడూ చెప్పలేదే.

ఫిబ్రవరి 6. వాన 64.

పళ్ళు తోముకుంటుంటే ఆ టాయిలెట్ దొంగ నీళ్ళ డబ్బా మీది నుంచి ఎగిరి నా బ్రష్ పట్టుకుంది! పేస్టుతో సహా! నేను అరిచిన అరుపుకి లెస్టర్ కంచె దూకి వచ్చాడు, ఆ వయసులో.

విషయం చెబితే గోడకి ఆనుకుని నవ్వాడు. "పెద్దగా ఆకలి మీదున్నట్టు లేదే నెరీనా, నీకంటే బాగా తింటోంది. చూడు దాని బొజ్జ."

"బొజ్జ కాదు, పొగరు. ఈ గది దీపానికి వచ్చే చిమ్మెటలన్నీ దీనికే."

"ఉండనీరాదూ?"

"లోపల ఒకాయన ప్రాణం మీదికి వచ్చి ఉంటే ఇక్కడ ఇది విందులు చేసుకుంటోంది. చూస్తే ఒళ్ళు మండుతోంది."

ఈసారి లెస్టరే తన చెరకు గట్టు దాకా తీసుకెళ్ళి వదిలొచ్చాడు.

ఫిబ్రవరి 8. వాన 110.

యాభై ఒకటి.

అక్కతో, "తూకం వెయ్యడం మరిచిపోయా" అన్నాను. "వాన కొలవడం మరుస్తావా?" అంది. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

దొంగంటే గుర్తొచ్చింది, నీళ్ళ డబ్బా మీద ఉంది. గట్టు నుంచి నడిచే వచ్చి ఉంటుంది. వదిలెయ్యడం మానేశాను. ఓపిక లేదు.

ఫిబ్రవరి 10. వాన 29.

ఇవాళ కళ్ళు తెరవలేదు. పిండి నోట్లో పెట్టినా అలాగే ఉండిపోయింది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు, తడి ఆకు పెట్టుకున్నట్టుంది.

నాకు భయంగా ఉంది. అక్కంటే కాదు. అక్కంటే కూడా, కానీ ముందు ఇది. పొద్దున్న నేను గదిలోకి రాగానే ఒక కన్ను నా వైపు తిప్పేవాడు. అది లేకపోతే ఈ ఇంట్లో నా వైపు తిరిగే కన్ను మళ్ళీ ఉండదు.

వెర్రి రాతలు. చుక్కల మందు రెండో విడత వేశాను.

ఫిబ్రవరి 11. వాన 3.

అలాగే.

ఫిబ్రవరి 12. వాన 76.

తిన్నాడు!

లెస్టర్ పుచ్చిన మామిడి మొద్దు చీలుస్తుంటే బొద్దింకలు బయటపడ్డాయట, చెక్కలో ఉండే రకం. జాడీలో తెచ్చాడు. నేను పట్టకారు తియ్యబోతే, "అది పక్కన పడెయ్. నీకెవరైనా ముల్లుగర్రతో అన్నం పెడితే తింటావా? వదులు, పరిగెత్తనీ" అన్నాడు.

"బిషప్పుకి వేట రాదు."

"ప్రాణం మీదికొస్తే బిషప్పుకైనా వస్తుంది."

వదిలాం. బొద్దింక దుంగ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ఆయన కన్ను తెరుచుకుంది. తల కొంచెం, కొంచెంగా తిరిగింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. రెండో చుట్టులో బొద్దింక ఉంది, లేదు. అంత వేగం ఆ ఎముకల గూటిలో ఎక్కడ దాచుకున్నాడో! ఒక కాలు పెదవి బయట ఆడుతుంటే చేత్తో లోపలికి తోసుకున్నాడు. ఆ మొరటుతనం బిషప్పుకి ఎప్పుడూ లేదు, కానీ రోగం మర్యాదలు చూడనిస్తుందా?

లెస్టర్‌ను కౌగిలించుకున్నాను. జాడీలో తక్కినవన్నీ మా కాళ్ళ మీదుగా వంటింట్లోకి పారిపోయాయి. పోనీ.

ఫిబ్రవరి 15. వాన 88.

యాభై ఐదు! బల్ల మీద ఒకసారి, నేల మీద ఒకసారి వేశాను. రెండు చోట్లా యాభై ఐదే. మా బల్ల అసలు వాలుగా లేనే లేదు.

ఫిబ్రవరి 19. వాన 130.

రోజూ సాయంత్రం లెస్టరూ నేనూ మొద్దు చీలుస్తున్నాం. నడుమెముకలు మాంసంలో మునిగాయి. రంగు తిరిగి కొత్త చెరకాకులా పచ్చగా వచ్చింది.

ఇవాళ జోరు వానలో కూత మొదలుపెట్టాడు! గొంతు కింద సంచి ఉబ్బించి, ఇల్లు దద్దరిల్లేలా. ఏడేళ్ళ మౌనం. మందుకి గొంతు విచ్చుకున్నట్టుంది. స్నానాల గదిలోంచి ఆ దొంగ మాత్రం కిక్కురుమనలేదు. నా బిషప్పు ముందు నోరెత్తే ధైర్యం దానికేదీ?

నా బిషప్పు అని రాశాను. అక్క బిషప్పు.

ఫిబ్రవరి 22. వాన 45.

అరవై మూడు. తొంభై తొమ్మిదని చెప్పాను.

ఫిబ్రవరి 26. వాన 52.

అక్క ఆదివారం వచ్చేస్తోంది. తన ఇంటికి పద్నాలుగు మెట్లు కాబట్టి కొన్నాళ్ళు నా దగ్గరే ఉంటుందట. "నడుస్తున్నావు కదా?" అంటే, "నడుస్తున్నా, నడుస్తున్నా, మెట్లెందుకు రిస్కు" అంది.

మూడు రోజుల్లో ముప్పై ఆరు గ్రాములు ఎలా పెంచను? లెస్టర్‌ని అడిగితే, "జేబులో రెండు గోళీలు పెట్టు" అన్నాడు. ఇలాంటి సమయంలో జోకులు.

నిజం చెప్పేస్తాను. జబ్బు చేసింది, చూసుకున్నాను, తేరుకుంటున్నాడు అని. బతికున్నాడు కదా. బతికున్నాడు!

మార్చి 1. వాన 19.

అంబులెన్సు బండిలోంచి అక్కని చక్రాల కుర్చీలో దించారు. కారిడార్ చివరి దాకా నడిచిన మనిషిని! కుర్చీలోంచి లేపి వాకర్ చేతికి ఇచ్చారు. నాలుగడుగులకి ముఖం చెమటలు పట్టింది.

"ఇదేమిటక్కా?"

"మోకాలికి చీము పట్టిందే. రెండోసారి కోశారు. మొదటి రెండు వారాలూ మంచం దిగితే ఒట్టు. నువ్వు బెంగపడతావని చెప్పలేదు."

నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు బయటపెట్టాలో తేల్చుకునేలోపే ఆవిడ వాకర్ తోసుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. వంగింది. చాలాసేపు చూసింది.

"ఎవరే ఇది?"

"బిషప్పు. అక్కా, చెప్తాను విను. తుఫాను భయానికి చిక్కిపోయాడు, పురుగులు పట్టాయి, తొంభై తొమ్మిదనీ అదీ నేను చెప్పినవన్నీ..."

"నెరీనా. ఇది బిషప్పు కాదు."

"రోగం వల్ల అలా..."

"రోగమొచ్చి నువ్వు సగమైతే నిన్ను నేను గుర్తుపట్టనా? కంటి వెనక ఈ చుక్కలేమిటి? బిషప్పేడి? చంపేశావు కదూ? చంపేసి ఇంకోదాన్ని తెచ్చి పెట్టావు!"

తుఫాను తెల్లవారి ఫెర్న్ ఆకులు కళ్ళ ముందు ఆడాయి. కుండీలు వరండాలోంచి తెచ్చాను. వరండా ఫెర్న్‌లో కప్ప లేని ఇల్లు ఈ జిల్లాలోనే లేదు. ఆ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. మరి అసలాయన ఎటు పోయినట్టు? ఆ రాత్రి అంత పెద్ద వాన. కుర్చీలో కూలబడ్డాను.

అక్క నాతో మాట్లాడకుండా వాకర్ తిప్పుకుని టాయిలెట్‌కి వెళ్ళింది. తలుపు పడింది.

తర్వాత ఒక కేక. పడిపోయిందనుకుని పరిగెత్తాను.

పడలేదు. కమోడ్ మీద దర్జాగా కూర్చుని ఉంది. ఒళ్ళో వాడు, ఆ నీళ్ళ డబ్బా దొంగ. రెండు చేతులూ పొట్ట కింద మడుచుకుని, కళ్ళు సగం మూసి. అక్క నా టూత్‌బ్రష్ తీసి గాల్లో ఊపగానే, నోరు తెరిచాడు.

"బండెడయ్యాడే!" అంది అక్క. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుకో దేనికో తెలియదు. "ఏం పెట్టావే వీడికి?"

"తిట్లు" అన్నాను. "నెల రోజులుగా తిట్లు తప్ప ఏమీ పెట్టలేదు. చీపురుతో కూడా తోశాను. చెరకు గట్టు దాకా పంపించాను అక్కా, బిషప్పును!"

అంతే, ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ఆవిడ కమోడ్ మీద, నేను గడప మీద. లెస్టర్ కంచె దూకి వచ్చి, మా ఇద్దరి వాలకం చూసి, సిగ్గుపడి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. తూకం వేస్తే నూట రెండు.

మార్చి 2. వాన 37.

పొద్దున్న కాఫీ దగ్గర అక్క మళ్ళీ తొట్టి వైపే చూస్తోంది. అందులో నా దొంగ బిషప్పు. అసలాయన బట్టల బుట్టలో తడి తువ్వాలు మీద విశ్రాంతి.

"పురుగులన్నావు. సిరంజితో పోశావా?"

"రోజుకి రెండుసార్లు."

"నోరు ఎలా తెరిచావే? మందు పట్టాల్సి వస్తే నేను ఏడేళ్ళలో ఎప్పుడూ తెరవలేకపోయాను."

"లైబ్రరీ కార్డుతో."

ఆవిడ రొట్టె మీద వెన్న రాసింది. అవసరమైన దానికంటే ఎక్కువసేపు రాసింది.

"వీధిలో పోయే కప్పని" అంది. "చావబోయేదాన్ని." ఇంకొంచెం వెన్న. "జూన్‌లో రెండో మోకాలు చేస్తారు. బిషప్పును ఇంకెవరి దగ్గరా వదలను, ముందే చెప్తున్నా. ఎక్కడికీ టూర్లు పెట్టుకోకు."

నేను గిన్నెలు కడిగే నెపంతో లేచాను. కుళాయి విప్పి చాలాసేపు నిలబడ్డాను, కడగడానికి గిన్నెలేమీ లేకపోయినా.

మార్చి 5. వాన 60.

హెడీ రెండింటినీ చూసింది. ఒకటే నవ్వు. మా బిషప్పు ఆడదట. "నాకెప్పుడో తెలుసు, ఇంత శుభ్రంగా మగాడెవడుంటాడు?" అంది అక్క. తెలియదు ఆవిడకి.

నా వాడికి పురుగులు పోయాయి, డెబ్బై గ్రాములు. బయటివాడు కాబట్టి బయటికే, ఎక్కడ దొరికాడో అక్కడే వదలాలి, అదే చట్టం, అదే న్యాయం అంది హెడీ. నాకు తెలుసు. అయినా దారంతా ఐస్‌క్రీం డబ్బా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

సాయంత్రం వరండాలో ఫెర్న్ మీద పెట్టాను. కాసేపు ఉన్నాడు. ఒక కన్ను నా వైపు తిప్పాడు. తర్వాత లేడు.

నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది, ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

మార్చి 6. వాన 22.

ఫెర్న్‌లో లేడు.

మార్చి 7. వాన 4.

లేడు. బిషప్పు రాణి గారు తొట్టిలో పట్టకారు కోసం నోరు తెరుచుకుని ఉన్నారు. అక్క వరండా చివరి దాకా నడిచింది, నిజంగానే. నేను పక్కనే నడిచాను, కాబట్టి నమ్ముతున్నాను.

మార్చి 9. వాన 81.

రాత్రంతా వంద కప్పలు కూశాయి. అందులో వాడెవరో ఎలా తెలుస్తుంది?

మార్చి 11.

రాత్రి కుంభవృష్టి. ఇంటి రేకులు పగిలిపోతాయనుకున్నాం. ఈ ఏటికంతటికీ ఇదే పెద్ద వాన అయి ఉంటుంది. పొద్దున్నే గొడుగు వేసుకుని, బూట్లు తొడుక్కుని నాన్న డబ్బా దగ్గరికి వెళ్ళాను.

డబ్బా పైనున్న గరాటులో ఒక కప్ప కూర్చుని ఉంది. బెజ్జానికి సరిగ్గా బిరడా పెట్టినట్టు. నీళ్ళు దాని మెడ దాకా నిండి, అంచుల మీదుగా పొర్లిపోయి ఉన్నాయి. లోపలి గొట్టంలోకి ఎంత దిగిందో, పైనుంచి ఎంత పోయిందో దేవుడికే తెలియాలి. ఇప్పటికైనా తీసి పక్కన పెట్టి, గొట్టంలో ఉన్నది కొలిచి, పోయినదానికి ఉజ్జాయింపుగా కొంత కలిపి రాయొచ్చు. నాన్న అయితే అదే చేసేవాడు, కప్పకి నాలుగు తిట్లు కూడా కలిపి.

వంగి చూశాను. ఎడమ కన్ను వెనక రెండు తెల్ల చుక్కలు, పక్కపక్కన. ఈసారి నేను పొరబడలేదు. నడుం గుండ్రంగా ఉంది. ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

వంటింటి కిటికీలోంచి అక్క కేకేసింది. "ఎంతే?"

"తెలీదు!"

"తెలీదా? నీకా? వాన ఎంతో నీకు తెలీదా? ఒంట్లో బాగానే ఉందా?"

"లోపల మనవాడున్నాడక్కా. నిద్రపోతున్నాడు."

అక్క కిటికీలోంచి మెడ చాచి డబ్బా వైపు చూసింది. నాన్న పోయిన రోజు నుంచీ నా లెక్క ఆవిడకీ తెలుసు.

"అయితే మెల్లగా రా," అంది చివరికి, గొంతు తగ్గించి. "బూట్ల చప్పుడు చెయ్యకు."

వాన: కురిసింది.